నలభై సెకన్ల మూట

ముక్కు మీద కోపం ఉన్నవాళ్ళు కాగితం మీద ఏమీ రాయకూడదు. నేను రాశాను. నాలుగంటే నాలుగే వాక్యాలు. ఆ కాగితాన్ని ముందు పెట్టుకుని, బుధవారం సాయంత్రం నాలుగు గంటలకు, మా తోడికోడలిని పంపుల పనిలో ఉంచాలా తీసేయాలా అని ముగ్గురు మనుషులు తేల్చబోతున్నారు.

ఆవిడ నీటి సరఫరా సంస్థలో టెక్నీషియన్. పద్ధెనిమిదేళ్ళుగా అదే పంప్‌హౌస్. నేను ప్రోగ్రాములు రాస్తాను. ఒకే ఇంట్లో కింద వాటా వాళ్ళది, పై వాటా మాది. నేను ఆవిడని అక్కా అంటాను, ఆవిడ నన్ను అమ్మాయ్ అంటుంది. ఆ పిలుపుల్లో ఉన్నంత తీపి మా మధ్య ఎప్పుడూ లేదు. అలాగని జుట్లు పట్టుకున్నదీ లేదు. నా మాట ఆవిడకి గీరగా వినిపిస్తుంది, ఆవిడ మాట నాకు సాగదీసినట్టు వినిపిస్తుంది. అంతవరకే.

మా ఇద్దరి పనులూ కలిసింది ఒక్కచోట. ప్రతి పంపుకీ ఒక చిన్న కంప్యూటర్ ఉంటుంది. ఎంత నీళ్ళు తోడాలి, ఎప్పుడు ఆగాలి, బావిలో నీళ్ళు అడుగంటితే మోటారుని ఎలా కాపాడాలి, అన్నీ అదే చూసుకుంటుంది. కరెంటు ఇవ్వగానే అది లేచి నిలబడాలంటే, దాన్ని లేపే ప్రోగ్రామూ, ఆ వెనక కావలసిన ఫైళ్ళూ, ఆ పంపు వివరాలూ అన్నీ గోరంత కార్డు మీద ఎక్కడుండాల్సినవి అక్కడ ఉండాలి. ఒక్కటి లేకపోయినా అది లేవదు. వాటన్నిటినీ సర్ది, ఒకే పెద్ద ఫైలుగా, అంటే మా భాషలో ఇమేజ్‌గా కట్టి, కార్డు మీదకి ఎక్కించే సాఫ్ట్‌వేర్ పరికరం ఆ సంస్థ కోసం నేను తయారు చేశాను. బొమ్మలు లేవు, బటన్లు లేవు. నల్ల తెర మీద ఆదేశం టైపు చేయాలి. దానికి మూట అని పేరు పెట్టుకున్నాను. ‘మూట కట్టు’ అంటే ఇమేజ్ తయారవుతుంది. ‘మూట దించు’ అంటే అది కార్డు మీదకి వెళుతుంది.

పని అయ్యాక మూట ఏమీ అనదు. కొత్త వరుసలో కర్సర్ వచ్చి మిణుకుమిణుకుమంటుంది, అంతే. మా వృత్తిలో అదే మర్యాద. తప్పు జరిగితేనే నోరు విప్పాలి. అక్క మొదటి రోజే అడిగింది.

“అయిపోయిందని ఒక్క ముక్క చెప్పచ్చు కదమ్మాయ్. దాని సొమ్మేం పోయింది?”

“అది పని చేయడానికక్కా, కబుర్లు చెప్పడానికి కాదు.”

నాకప్పుడు చాలా తెలివైన మాట అన్నాననిపించింది.

మొదట్లో ఒక కార్డు దించడానికి నాలుగు నిమిషాలు పట్టేది. “పంపు ఆపేసి దానికోసం గుడ్లప్పగించి కూర్చోవాల్సి వస్తోంది” అని అక్క రెండుసార్లు దెప్పింది. రెండోసారి నాకు చుర్రుమంది. ఆ వారమంతా కూర్చుని, నాలుగు నిమిషాలని నలభై సెకన్లకు దించాను. ఆదివారం భోజనాల దగ్గర అందరి ముందూ చెప్పాను. మా ఆయన ఈల వేశాడు. అత్తయ్య ఏమీ అర్థం కాకపోయినా నవ్వింది. అక్క చెంచా పక్కన పెట్టి, “భలే చేశావమ్మాయ్” అంది. పెళ్ళయి ఈ ఇంటికి వచ్చిన పదకొండేళ్ళలో ఆవిడ నన్ను మెచ్చుకోవడం అదే మొదలు.

ఆ తర్వాత రెండు నెలల్లో అక్క చేతి మీదుగా మూడు కార్డులు పాడయ్యాయి. మొదటి రెండుసార్లు పంపు ఒక పూట ఆగింది, నాలుగు వీధులకు నీళ్ళు రాలేదు, తిట్లతో సరిపోయింది. మూడోసారి కంప్యూటర్ లేవకపోవడంతో పంపుని చేత్తో నడపాల్సి వచ్చింది. కాపాడే నాథుడు లేక, నీళ్ళు లేని బావి మీద మోటారు తిరిగి తిరిగి కాలిపోయింది.

అప్పుడు పర్యవేక్షక ఇంజనీరు నాకు ఫోన్ చేశాడు. ప్రతి కాగితం మీదా తేదీ ముద్ర తన చేత్తోనే కొట్టుకుంటాడని అందరూ ఆయన్ని స్టాంపుగారు అంటారు. “మీ పరికరంలోనే ఏదో లోపం ఉన్నట్టుందమ్మా, రాతపూర్వకంగా చెప్పండి” అన్నాడు. ఆ ‘ఉన్నట్టుంది’కి నా ఒళ్ళు మండింది. రాశాను.

‘పరికరంలో ఏ లోపమూ లేదు. దీన్ని పదకొండు మంది టెక్నీషియన్లు వాడుతున్నారు. పాడైన మూడు కార్డులూ ఒకే వ్యక్తి చేతి మీదుగా పోయినవి. కార్డును వాడే తీరులో అశ్రద్ధ ఉండవచ్చు.’

ఇంట్లో అక్క దాని గురించి ఎత్తలేదు. బుధవారం ఉదయం మాత్రం, నేను మెట్లు దిగుతుంటే, భుజాన సంచీతో అడ్డంగా నిలబడింది.

“సాయంత్రం నువ్వూ రావాలటగా. ముందే రా అమ్మాయ్. నా పక్కన కూర్చుని నేను చేసేది చూడు. తప్పెక్కడుందో నువ్వే చెప్పు.”

వెళ్ళాను. సాయం చేయడానికి కాదు. నేను రాసింది నిజమేనని నా కళ్ళతో చూసుకోవడానికి.

పంప్‌హౌస్‌లో నేల సన్నగా అదురుతూ ఉంటుంది. మనిషి నడుమంత లావు నీలం గొట్టాలు గోడ పొడవునా పరుచుకుని ఉన్నాయి. ఒకటో పంపు, మూడో పంపు మోగుతున్నాయి. మధ్యలో రెండో పంపు చోట నాలుగు బోల్టులు మాత్రం నేలలోంచి పైకి పొడుచుకు వచ్చి ఉన్నాయి. కాలిపోయిన మోటారుని ఎత్తుకెళ్ళిపోయారు. అటు చూడకుండా అక్క నన్ను మూలగదిలోకి తీసుకెళ్ళింది. ఇనపబల్ల, దాని మీద కంప్యూటర్, కార్డు పెట్టే డబ్బీ, పరీక్షలకని ఉంచుకున్న ఒక పంపు బోర్డు. గోడ గడియారం పదకొండు చూపిస్తోంది.

“చెయ్యి చూద్దాం” అన్నాను పరీక్ష పెట్టేవాళ్ళ గొంతుతో.

అక్క చేతులు గుడ్డతో తుడుచుకుంది. కార్డుని అంచులు పట్టుకుని డబ్బీలో పెట్టింది. ‘మూట దించు’ అని టైపు చేసింది. ముప్పై ఎనిమిది సెకన్లకి కర్సర్ వచ్చింది. ఆవిడ చెయ్యి కార్డు దాకా వెళ్ళి ఆగింది.

“తియ్యనా?”

“ఉండు. ముందు కార్డు ఎలా పట్టుకోవాలో చెబుతాను విను.”

చెప్పాను. వేళ్ళ తడి గురించి, ఒంట్లో పుట్టే స్థిర విద్యుత్తు గురించి, వంచడం గురించి. ఎక్కడెక్కడో చదివిందంతా వరసపెట్టి అయిదారు నిమిషాలు దంచాను. ఆవిడ బడిపిల్లలా చేతులు ఒళ్ళో పెట్టుకుని వింది. పద్ధెనిమిదేళ్ళ అనుభవం ఉన్న మనిషికి నేను కార్డు పట్టుకోవడం నేర్పాను. తర్వాత ఆవిడ మెల్లగా కార్డు తీసి బోర్డులో పెట్టి కరెంటు ఇచ్చింది. ఆకుపచ్చ దీపం రెండుసార్లు ఆరి వెలిగి నిలబడింది.

“చూశావా? జాగ్రత్తగా చేస్తే ఏమీ కాదు” అన్నాను.

నా గొంతులో గెలిచిన సంతోషం నాకే వినిపించింది. అక్క తన అరచేతుల్ని తిప్పి చూసుకుంది.

“నా చేతులే పనికిరాకుండా పోయాయేమోనని పోయిన వారం డాక్టరుకి చూపించుకున్నా” అంది. “నరాలు శుభ్రంగా ఉన్నాయన్నాడు. నాకే నమ్మకం కుదరట్లేదు. ఇంట్లో గ్లాసు ఎత్తినా వణుకుతోందేమోనని చూసుకుంటున్నా. నువ్వు తెలిసినదానివి, ఊరికే రాయవు కదా అనిపించింది.”

నాకు కోపం తెచ్చుకుందామన్నా దొరకలేదు.

“ఇంకోసారి చెయ్యక్కా” అన్నాను. “నన్ను మర్చిపో. బయట పంపు ఆగి ఉంది, జనం నీళ్ళకోసం ఫోన్లు చేస్తున్నారు. అప్పుడెలా చేస్తావో అలా చెయ్యి.”

ఆవిడ ముఖం మారింది. నడుం నిటారుగా పెట్టి కూర్చుంది. ఇంకో కొత్త కార్డు పెట్టడం, టైపు చేయడం, కర్సర్ రావడం, కార్డు తీయడం, బోర్డులో నొక్కడం, కరెంటు ఇవ్వడం అన్నీ ఒకే ఊపులో జరిగిపోయాయి. ఎక్కడా ఒక్క కదలిక వృథాగా పోలేదు. నేను చూసిన పనివాళ్ళలో అంత శుభ్రంగా పని చేసేవాళ్ళు లేరు.

ఎర్రదీపం వెలిగింది. అలాగే ఉండిపోయింది.

అక్క చేతులు బల్ల కిందకి పెట్టేసుకుంది. నేను ఆ కార్డు లాక్కుని మళ్ళీ డబ్బీలో పెట్టి, అసలు ఇమేజ్‌తో మొదటినుంచీ పోల్చి చూశాను. మొదటి నాలుగోవంతు సరిగ్గా ఉంది. అక్కడినుంచి చివరిదాకా ఖాళీ. అంతా సున్నాలు.

నా పైప్రాణాలు పైనే పోయాయి. ఎందుకంటే ఆ ఖాళీని నేను గుర్తుపట్టాను.

మనం కార్డుకిచ్చినదాన్ని కంప్యూటర్ వెంటనే కార్డు మీద రాయదు. ‘ఇచ్చేశావుగా, నేను చూసుకుంటాలే’ అని తన దగ్గర పెట్టుకుని, తీరిగ్గా రాస్తుంది. అంతా నిజంగా చేరేదాకా ఆగమని చెప్పే ప్రోగ్రాము వరుస ఒకటి మూటలో ఉండేది. చేరిందా లేదా అని చదివి సరిచూసుకునే వరుస ఇంకొకటి. నాలుగు నిమిషాల్లో మూడు నిమిషాల ఇరవై సెకన్లు వాటివే. వేగం కోసం ఆ రెండిటినీ నేనే పక్కకి తప్పించాను. ‘నికరంగా’ అని ప్రత్యేకంగా అడిగితేనే పనిచేసేలా చేసి, ఆ సంగతి వివరాల పుస్తకం పదిహేడో పేజీలో రాశాను. ఆ పేజీ నేను కూడా మళ్ళీ తిరగేయలేదు.

మరి నా పరీక్షల్లో ఎందుకు దొరకలేదు? నేను మూటని కొన్ని వేలసార్లు పరీక్షించాను. ప్రతిసారీ ఇమేజ్ ఫైల్ని నా కంప్యూటర్లోనే, పంపు కంప్యూటర్‌ని అనుకరించే ఉత్తుత్తి యంత్రంలో లేపి చూశాను. కార్డులకి దించే పరికరం తయారు చేసిన మనిషిని, నా జన్మలో ఒక్క కార్డు డబ్బీలోంచి చేత్తో తీయలేదు.

మిగతా పదిమందికి ఎందుకు పాడవలేదో కూడా వెంటనే అర్థమైంది. వాళ్ళు ఆదేశం కొట్టి టీకి వెళతారు. తిరిగొచ్చేసరికి రాత పూర్తయి ఉంటుంది. పంపు ఆగితే ఒక్క క్షణం కూడా వృథా చేయని మనిషి ఒక్కరే. ఆవిడకే దెబ్బ తగిలింది. పొద్దున మొదటి కార్డు సరిగ్గా లేచింది నా అయిదారు నిమిషాల ఉపన్యాసం పుణ్యాన.

“మళ్ళీ నేనేనా?” అంది అక్క, బల్ల కిందనుంచి చేతులు తీయకుండా.

అప్పుడే చెప్పాల్సింది. గడియారం పన్నెండు కూడా కాలేదు.

“ఇంకా చూడాలక్కా” అన్నాను.

మధ్యాహ్నం ఆవిడ తన డబ్బా తెరిచి అన్నంలో సగం మూతలోకి తీసి నా ముందు పెట్టింది. తిన్నాను. తింటూ లెక్కలు వేసుకున్నాను. ఈ రాత్రికి ఆ రెండు వరుసలూ మళ్ళీ పెట్టేసి, కొత్త వెర్షన్ అని అందరికీ పంపేస్తే ఎవరికీ ఏమీ తెలియదు. కార్డులు పాడవడం ఆగిపోతుంది. అక్కని ఈ పని నుంచి తీసేస్తే మాత్రం ఏం, ఇంకో విభాగంలో వేస్తారు, జీతం అదే. నా నాలుగు వాక్యాలు నాలుగు వాక్యాలుగానే ఉంటాయి. ఇలా ఆలోచించానని ఒప్పుకోవడానికి ఇప్పటికీ సిగ్గుగానే ఉంది. మూడు గంటలు అలాగే కూర్చున్నాను. ఆవిడ మాత్రం పంపుల దగ్గరికి వెళ్ళి వస్తూ, ప్రతిసారీ తలుపు పిడిని రెండు చేతులతో పట్టుకుని తిప్పింది.

నాలుగింటికి పైఅంతస్తు గదిలో పొడుగాటి బల్ల వెనక ముగ్గురు కూర్చున్నారు. మధ్యలో స్టాంపుగారు, ఒకపక్క సిబ్బంది విభాగం ఆవిడ, ఇంకోపక్క పెద్ద ఫోర్‌మన్. స్టాంపుగారు నా కాగితం పైకి చదివాడు. అదే నాలుగు వాక్యాలు ఆయన గొంతులో పది వాక్యాలంత పొడుగ్గా వినిపించాయి. తర్వాత ఇంకో కాగితం తీశాడు.

“వీరి సంజాయిషీ. ‘పరికరంలో లోపం లేదని తయారుచేసినవారే చెప్పారు కనుక, తప్పు నాదేనని ఒప్పుకుంటున్నాను. నా చేతుల్లో పట్టు తగ్గింది. నావల్ల ఇంకో మోటారు కాలకముందే నన్ను కార్డుల పని నుంచి తప్పించవలసిందిగా కోరుతున్నాను.’ ” ఆయన కళ్ళజోడు సర్దుకున్నాడు. “ఇక మనం చర్చించేది కూడా ఏం లేదు. ఆవిడే అడుగుతున్నారు.”

ముద్ర చేతిలోకి తీసుకున్నాడు. ఇంకుదిండు మూత తెరిచాడు.

“ఆగండి” అన్నాను. కుర్చీ వెనక్కి పడినంత పని అయింది. “లోపం మూటదే. నాదే. నేను రాసింది తప్పు.”

స్టాంపుగారు ముద్రని ఇంకుదిండు పక్కన పెట్టాడు. అక్క నా వైపు తిరగలేదు.

“ఆవిడ మీ తోడికోడలట కదా” అంది సిబ్బంది విభాగం ఆవిడ, మెల్లగా.

“అవును.”

“ఒకే ఇల్లట.”

“అవును. అందుకని అబద్ధం చెబుతున్నానంటారా?”

“పొద్దుటిదాకా లేని లోపం ఇప్పుడు పుట్టింది కదమ్మా” అన్నాడు స్టాంపుగారు. “ఇంటిమనిషి మీద జాలి ఉండడం సహజమే. ఫైల్లో మాత్రం మీ సంతకంతో కాగితం ఉంది.”

“దాన్ని చింపేయండి.”

“ఫైల్లో కాగితం చింపకూడదు. కావాలంటే పైన ఇంకోటి పెట్టుకోవచ్చు. దానికి ఆధారం ఉండాలి.”

నేను నిజం చెప్పే వేళకి, నా నిజానికి చుట్టరికం అడ్డొచ్చింది. కోపం తన్నుకొచ్చింది. ఈసారి ఆ కోపం కాస్త పనికొచ్చింది.

“అయితే మీరే చెయ్యండి సార్. మీ చేత్తోనే.”

పెద్ద ఫోర్‌మన్ కిందకి వెళ్ళి కంప్యూటర్, డబ్బీ, బోర్డు, విప్పని కొత్త కార్డు ఒకటి పట్టుకొచ్చాడు. స్టాంపుగారు తనే కవరు విప్పి కార్డు పెట్టాడు. ఒంటి వేలితో అక్షరాలు వెతుక్కుంటూ ‘మూట దించు’ అని కొట్టాడు. కర్సర్ వచ్చింది.

“అయిందా?” అని నన్నడిగాడు.

“నన్నడక్కండి. అదేం చెబుతోందో చూడండి.”

“ఏమీ చెప్పట్లేదు.”

“మరి పంపు ఆగి ఉంది సార్. నాలుగు వీధుల జనం ఎదురుచూస్తున్నారు. మీరైతే ఏం చేస్తారు?”

ఆయన ఒక్క క్షణం తెర వైపు చూశాడు. కార్డు తీసి బోర్డులో పెట్టాడు. ఫోర్‌మన్ కరెంటు ఇచ్చాడు. ఎర్రదీపం. స్టాంపుగారు కార్డుని చొక్కాకి తుడిచి మళ్ళీ పెట్టాడు. ఎర్రదీపమే. ఆయన తన వేళ్ళ వైపు చూసుకున్నాడు. రెండు నెలలుగా మా ఇంట్లో ఒకావిడ అలాగే చూసుకుంటోందని నాకు ఆ నిమిషంలో తెలిసింది.

“నేనేం చేశానిప్పుడు?” అన్నాడు ఆయన.

ఆ గదిలోకి వచ్చిన దగ్గర్నుంచీ నోరు మెదపని అక్క అప్పుడు మాట్లాడింది.

“మీరేం చెయ్యలేదు సార్. మీ చేతులు బానే ఉన్నాయి.”

నేను పక్కనున్న తెల్లకాగితం లాక్కుని, ఏ వరుసలు ఎప్పుడు తీశానో, ఎందుకు తీశానో, వేగం కోసం అన్న మాటతో సహా రాసిచ్చాను. మోటారు కాలడానికి కారణం నా నిర్ణయమేనని కూడా రాశాను. స్టాంపుగారు దాన్ని పాత కాగితం పైన పెట్టి ముద్ర కొట్టాడు. అక్క సంజాయిషీని ఫైల్లోంచి తీయలేదు కానీ, దాని మీద అడ్డంగా ‘చర్య అవసరం లేదు’ అని రాశాడు. ఆవిడ పని ఆవిడకే ఉంది.

మెట్ల మీద అక్క ఆగింది.

“ఎప్పుడు తెలిసింది నీకు?”

“పన్నెండుకి ముందే.”

“నా అన్నం తినేటప్పటికి తెలుసన్నమాట.”

“తెలుసు.”

ఇంకేమైనా అంటుందని ఎదురుచూశాను. తిట్టినా బాగుండేది. ఆవిడ ఏమీ అనకుండా కిందకి దిగింది. ఆ మెట్లన్నీ నేను ఆ మౌనం వెనకే దిగాను. అది మంచిదో చెడ్డదో తెలియక, అయిందో కాలేదో తెలియక, వెనక నడవడం ఎంత కష్టమో అప్పుడు తెలిసింది.

మూలగదిలో కూర్చుని ఆ రెండు వరుసల్నీ మళ్ళీ వాటి చోట్లలో పెట్టాను. ఎవరూ అడగక్కర్లేకుండా, ఎప్పుడూ పనిచేసేలా. చివర ఇంకో వరుస చేర్చాను. అక్క స్టూలు లాక్కుని నా పక్కన కూర్చుంది.

“ఎంతసేపు?”

“నాలుగు నిమిషాలు.”

“పట్టనీ.”

ఆదేశం ఆవిడే కొట్టింది. నేల అదురుతోంది. గోడవతల పంపులు మోగుతున్నాయి. నాలుగు నిమిషాలూ ఇద్దరం తెర వైపే చూస్తూ కూర్చున్నాం. చివరికి నల్ల తెర మీద ఒక ముక్క వచ్చింది. ‘అయిపోయింది. కార్డు తీయవచ్చు.’

అక్క చెయ్యి చాపబోయి ఆగింది. డబ్బీని నా వైపు జరిపింది.

“నువ్వు తియ్యి.”

నేను చెయ్యి చాపాను. గోరంత కార్డు. అంచులు ఎక్కడున్నాయో వేలికి అందలేదు. రెండోసారి పట్టుకున్నాను. నా వేళ్ళు వణుకుతున్నాయి, దాచుకుందామన్నా కుదరలేదు.

అక్క చూసింది. నవ్వలేదు.

“ఓసారి డాక్టరుకి చూపించుకో అమ్మాయ్” అంది.